శ్లేష్మము ఏల పెరుగును?



దగ్గు, జలుబు, కళ్లె అను ఈ మూటిని ఎరుగని ఇల్లు లేదు. వానకాలము వెళ్లి మంచు పడనారంభింపగనే ఏ వీధి అరుగుమీద చూచినను గొంతు సవరించుకొనువారే, కండువాతో ముక్కు తుడుచుకొనువారే. ఇంతగా పరిచయమైన వస్తువును గూర్చి ఒక ఉపన్యాస మేల యని కొందరికి తోచవచ్చును. పరిచయము వేరు, ఎరుక వేరు. కళ్లె అనగా లోపల చేరిన చెడుగు, అది ఎంత త్వరగా ఎండిపోయిన అంత మేలు అని జనులు సామాన్యముగా తలంతురు. వైద్యశాస్త్రము చెప్పునది దీనికి చాల భిన్నముగా నున్నది. లోనికి వచ్చిన శత్రువునకు శరీరము చెప్పు ప్రత్యుత్తరమే కళ్లె. ఆ ప్రత్యుత్తరము మితిమీరినపుడు అది తానొక రోగమగును. మొదటిది ఎక్కడ ముగియునో, రెండవది ఎక్కడ మొదలగునో తెలిసికొనుట పసిబిడ్డలు గల తల్లులకును, పొగ నడుమ బ్రదుకు పెద్దలకును ప్రాణావసరమైన విషయము.

1921వ సంవత్సరము నవంబరు నెలలో లండను నగరమున సెయింట్ మేరీ ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేయుచుండిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అను వైద్యునకు జలుబు చేసెను. మరొకడైనచో ముక్కు చీది చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకొనెడివాడు. ఆయన తన ముక్కునుండి కారిన శ్లేష్మమును కొంత తీసి, సూక్ష్మజీవులను పెంచు గాజుపళ్లెరములో వేసి యుంచెను. కొన్ని దినములకు పళ్లెరము నిండ పసుపుపచ్చని సూక్ష్మజీవుల గుంపులు పెరిగియుండెను. శ్లేష్మము పడిన చోటిచుట్టు మాత్రము అవి కరగిపోయి యుండెను. ఆ కరగించు పదార్థమునకు ఆయన లైసోజైమ్ అని పేరిడి 1922లో రాయల్ సొసైటీకి నివేదించెను. అది కన్నీటిలోను, ఉమ్మిలోను, గ్రుడ్డు తెల్లసొనలోను గలదనియు చూపెను. కన్నీరు సంపాదించుటకై తోడివారి కండ్లలో నిమ్మతొక్క పిండెడివాడని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఏడేండ్ల పిదప 1928లో పెన్సిలినును కనుగొన్నది ఈయనయే. లోకము పెన్సిలినును తలచుకొనును గాని, దానికి ముందు చీమిడినుండి వెలువడిన ఈ విశేషమును అంతగా తలపదు. సూక్ష్మజీవులను చంపు మందు మొట్టమొదట మన ముక్కులోనే యున్నదని తేలుట సామాన్యమైన సంగతి కాదు. ఒక్క మాట చెప్పవలసియున్నది. రోగము కలిగించు సూక్ష్మజీవులలో పెక్కింటికి లైసోజైమ్ చాలదు. దానికి లొంగిపోవునవి రోగము కలిగింపజాలవు. లొంగనివే మనలను పట్టి పీడించును. కావున శరీరము ఆ ఒక్క ఆయుధముతో ఊరకుండలేదు.

ఊపిరి పోవు దారి తలక్రిందుగా నిలిపిన చెట్టు వంటిది. గొంతునుండి దిగు శ్వాసనాళము దాని మ్రాను. అది రెండు కొమ్మలై, ఒక్కొక్క కొమ్మ మరల రెండై, ఇట్లు సుమారు 23 మారులు చీలును. కొట్టకొనను చిగుళ్లవలె వాయుకోశము లుండును. ఇవి సుమారు 48 కోట్లని 2004లో వెలువడిన ఒక గణన తెలుపుచున్నది. ఈ దారిన దినమునకు సుమారు 10,000 లీటర్ల గాలి వచ్చిపోవును. గాలి యొంటరిగా రాదు. ధూళి, పొట్టు, పొగ, పుప్పొడి, సూక్ష్మజీవులు దానితో వచ్చును. కళ్లములో తూర్పారబట్టినవాడు సాయంకాలము ముక్కు చీదినపుడు వెలువడు మట్టిరంగు చీమిడియే దీనికి సాక్ష్యము. ఆ మట్టి ముక్కులో నాగినది గనుకనే వాయుకోశములకు చేరలేదు.

ఈ దారి లోపలి గోడను కప్పియున్న పొరలో ఎక్కువ కణములకు శైలికలు గలవు. కణమొక్కింటికి సుమారు 200 శైలికలు. వాని పొడవు వెంట్రుక మందములో పదవవంతు మాత్రమే. అవి సెకనునకు పది పదునైదు మారులు, అన్నియు ఒకే దిక్కునకు కొట్టుకొనుచుండును. పైరగాలికి వరిచేను ఒక గట్టునుండి మరొక గట్టువరకు అలలుగా వంగి లేచుట చూచినవారికి ఈ కదలికను వర్ణింప నక్కరలేదు. శైలికలు గల కణముల నడుమ పానపాత్ర యాకారము గల కణములు మరికొన్ని యుండును. వీనిని గాబ్లెట్ కణము లందురు. గోడలో ఇంకను లోతున చిన్న గ్రంథులున్నవి. శ్లేష్మము పుట్టునది ఈ రెండు చోట్లనే. పుట్టిన శ్లేష్మము పలుచని పొరయై శైలికల కొనలమీద నిలిచి, తనకంటిన చెత్తతో గూడ నిమిషమునకు సుమారు అయిదు మిల్లీమీటర్ల చొప్పున గొంతువైపునకు ఎక్కును. పగలనక రాత్రియనక, నిద్రలో సైతము, ఈ పని సాగును. గొంతు చేరినదానిని మనుష్యుడు ఎరుగకయే మ్రింగును. కడుపులోని ఆమ్లము మిగిలిన పని చూచుకొనును. ఆరోగ్యవంతుడును దినమంతయు కళ్లె మ్రింగుచునే యుండును. వానికి తెలియదు, అంతే.

ఈ శ్లేష్మములో నూరింట సుమారు 97 పాళ్లు నీరే. తక్కిన కొద్దిపాటిలో ముఖ్యమైనది మ్యూసిన్ అను మాంసకృత్తు. అది పొడవైన దారము. దానిచుట్టు సజ్జకంకికి గింజలు పట్టినట్లు చక్కెరలు దట్టముగా పట్టియుండును. ఆ చక్కెరలే నీటిని పట్టియుంచి జిగురు కలిగించును. అంతేగాక, సూక్ష్మజీవులు శరీర కణములపై నుండు చక్కెరలను పట్టుకొని నిలువజూచును. అట్టి చక్కెరలే మ్యూసినుమీద కనబడగా మోసపోయి దానికి అంటుకొని, దానితోనే బయటికి కొట్టుకొనిపోవును. ఊపిరిదారిలో మ్యూసినులు ముఖ్యముగా రెండు రకములు: మ్యూక్ 5-బి, మ్యూక్ 5-ఏసి. శాస్త్రజ్ఞులు మ్యూక్ 5-బి లేకుండ ఎలుకలను పుట్టించి యేమగునో పరిశీలించి 2014లో ప్రకటించిరి. ఆ ఎలుకల ఊపిరిదారులలో చెత్త పేరుకొనెను, సూక్ష్మజీవులు తిష్ఠవేసెను, వాపు తగ్గక, అనేకములు మరణించెను. శ్లేష్మము లేకున్న హాయిగా నుండునని తలంచువారికి ఇంతకంటె స్పష్టమైన సమాధానము దొరకదు. మ్యూక్ 5-ఏసి లేని ఎలుకలకు అంత కీడు కలుగలేదు. రోగము వచ్చినపుడు హెచ్చుగా పెరుగునది ఈ రెండవదే యని గుర్తుంచుకొనవలెను.

ఇక శత్రువు సంగతి. ఊపిరిదారిని పట్టు సూక్ష్మజీవులలో న్యూమోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా, స్టాఫిలోకాకస్, సూడోమోనాస్ అనునవి పేరుపడినవి. వీనిలో రెండవదాని పేరు వెనుక ఒక పొరపాటు గలదు. 1892లో రిచర్డ్ ఫైఫర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఇన్‌ఫ్లుయెంజా జ్వరము వచ్చినవారి కళ్లెలో దీనిని చూచి, ఆ జ్వరమునకు ఇదియే కారణమని నిర్ణయించెను. 1933లో గాని ఆ జ్వరమును కలిగించునది ఒక వైరస్ అని తేలలేదు. అయినను ఫైఫరు చూచినది అబద్ధము కాదు. వైరస్ ముందు వచ్చి శైలికలను పాడుచేసి దారి తీయును. బాక్టీరియా ఆ దారిన వెనుక దూరును. 1918లో లోకమును ఊపివేసిన ఇన్‌ఫ్లుయెంజాలో మరణించినవారిలో పెక్కుమంది ఇట్లు వెనుకవచ్చిన బాక్టీరియా న్యుమోనియాకే బలియైరని ఆనాటి శరీర భాగములను 2008లో మరల పరీక్షించినవారు తెలిపిరి.

బాక్టీరియా గోడను తాకినంతనే శ్లేష్మ మెట్లు పెరుగును? చాలకాలము ఇది కంటికి కనబడు నిజమే గాని కారణము తెలియని నిజము. సూక్ష్మజీవి కణమును గాయపరచును గనుక గాయమునుండి రసి కారినట్లు శ్లేష్మము కారునని తలంచెడివారు. సంగతి అంత సులభముగా లేదు. కణము తన పైపొరమీద గ్రాహకములను, అనగా రాకపోకలు కనిపెట్టు కావలివారిని, నిలుపుకొనియున్నది. బాక్టీరియా గోడకు సంబంధించిన పదార్థములు మానవ శరీరములో పుట్టునవి కావు. కావున వానిని తాకగనే కావలివాడు పరాయివాడని పోల్చుకొనును. ఇట్టి గ్రాహకములను ఈగలలోను, ఎలుకలలోను కనుగొన్న జూల్ హాఫ్‌మన్, బ్రూస్ బాయిట్లర్ అనువారికి 2011లో నోబెల్ బహుమానము లభించినది. బాక్టీరియా బ్రదికియుండవలెనను నియమము కూడ లేదు. చచ్చినదాని గోడ పెంకు తగిలినను కావలివాడు కేక వేయును. మందులతో సూక్ష్మజీవులు చచ్చిన తరువాతను కొన్నాళ్లు కళ్లె పడుచుండుటకు ఇది ఒక కారణము.

కేక వేసిన తరువాత ఏమగునో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున కరోల్ బాస్‌బామ్ మొదలగువారు 1997, 1998 సంవత్సరములలో ఒక్కొక్క మెట్టుగా తేల్చిరి. వారు సూడోమోనాస్ బాక్టీరియా పదార్థమును ఊపిరిదారి కణములకు తగిలించిరి. కణపు పొరనుండి లోపలికి కబురు ఒక మాంసకృత్తు చేతినుండి మరొకదాని చేతికి, దానినుండి ఇంకొకదానికి అందుచు పోయెను. కడపట ఎన్.ఎఫ్. కప్పా-బి అను మాంసకృత్తు మేలుకొని కణకేంద్రకములో ప్రవేశించెను. కేంద్రకమున శరీరపు పనులన్నింటికిని పద్ధతులు వ్రాసియుంచిన జన్యువులు గలవు. ఎన్.ఎఫ్. కప్పా-బి అందులో మ్యూసిన్ జన్యువు నాశ్రయించి దానిని పనిలో పెట్టెను. అనగా ఈ శ్లేష్మము గాయమునుండి కారు రసి వంటిది కాదు. కణము ఆజ్ఞ పొంది, లోపల వ్రాసియున్న పద్ధతి ప్రకారము క్రొత్తగా నేసిన వస్తువు.

1999లో అదే విశ్వవిద్యాలయమునకు చెందిన జే నాడెల్ బృందము మరొక విశేషము కనుగొన్నది. కణముమీద ఇ.జి.ఎఫ్. గ్రాహక మనునది యొకటి గలదు. దాని సామాన్యమైన పని పెరుగుదల. చర్మము గీరుకొనిపోయినపుడు క్రొత్త పొర పట్టుటకు తోడ్పడునది అదియే. అదే గ్రాహకమును కదిపినచో ఊపిరిదారి కణము మ్యూసిన్ తయారుచేయ మొదలిడునని, దానిని అణచు మందు నిచ్చిన మ్యూసిన్ ఆగునని వారు చూపిరి. మరమ్మతు చేయు తలుపును, శ్లేష్మము విడుచు తలుపును ఒకటియే యన్నమాట. 2002లో బాస్‌బామ్, ఆమెతో పనిచేసిన లెమ్‌జబ్బార్ ప్రకటించిన ప్రయోగము ఈ రెండు తెలివిడులను ఒకటిగా ముడివేసినది. స్టాఫిలోకాకస్ గోడలోని ఒక పదార్థము కణముమీది గ్రాహకమును పట్టుకొనును. వెంటనే కణము పైనున్న కత్తెర వంటి ఎంజైము ఒకటి మేలుకొనును. ఆ కణమే తన పైపొరకు కట్టి యుంచుకొన్న వృద్ధికారకమును ఆ కత్తెర తెగగొట్టును. తెగిన ముక్క పోయి ఆ కణపు ఇ.జి.ఎఫ్. గ్రాహకముననే పడును, మ్యూసిన్ తయారగును. బయటివాడు తలుపు తట్టినంతనే, ఇంటివాడు తన మొలత్రాటి తాళపుచెవిని తానే తెంపి తన కొట్టు తానే తెరచినట్లున్నది. బాక్టీరియాకు ఇందులో శ్రమ యేమియు లేదు. పనియంతయు శరీరమే చేసికొనుచున్నది.

తయారైన మ్యూసిన్ వెంటనే బయటకు రాదు. గాబ్లెట్ కణములో చిన్న చిన్న సంచులలో, కాల్షియము సాయముతో బిగియగట్టబడి, నీరు లేక ముడుచుకొని యుండును. కబురు రాగా సంచి తెరచుకొనును. సబ్జాగింజలను నీటిలో వేసిన కొంతసేపటికి ఎట్లు ఉబ్బునో చూడని ఇల్లాలు లేదు. మ్యూసిన్ కొన్ని సెకనులలోనే వందల రెట్లు ఉబ్బును. అంత కొద్ది కణములనుండి అంత కళ్లె యెట్లు వచ్చినదని ఆశ్చర్యపడ నక్కరలేకపోవుటకు ఇదియే కారణము.

ఈలోగా రక్తమునుండి తెల్లకణములు, ముఖ్యముగా న్యూట్రోఫిల్ అనునవి, గుంపులుగా చేరి బాక్టీరియాను మ్రింగును. ఆ పోరాటమున అవి విడుచు ఎలాస్టేజ్ అను ఎంజైము గ్రంథులచేత మరింత శ్లేష్మము విడిపించుటలో మిక్కిలి బలమైనది. న్యూట్రోఫిల్ కణములలో ఆకుపచ్చ రంగు గల మరొక ఎంజైము కూడ కలదు. 1941లో స్వీడను దేశమున ఆగ్నర్ అను శాస్త్రజ్ఞుడు దానిని వేరుచేసి, ఆ రంగునుబట్టియే వెర్డోపెరాక్సిడేజ్ అని పేరిడెను. కళ్లె పచ్చబడుటకు హేతువు అదియే. పచ్చకళ్లె పడినచో బాక్టీరియా యున్నదని, వెంటనే ఆంటీబయాటిక్ మాత్రలు మ్రింగవలెనని పల్లెలలోను పట్టణములలోను గట్టి నమ్మకము. పచ్చదనము తెల్లకణములు వచ్చినవని మాత్రమే చెప్పును. వైరస్ జలుబులోను కళ్లె పచ్చబడును. రంగు చూచి మందు కొనుట డబ్బు పారవేసికొనుటయే గాక, అవసరమైనపుడు ఆ మందు పనిచేయకుండ చేసికొనుట.

రోగము సామాన్యమైనదైనచో కథ ఇక్కడ మలుపు తిరుగును. బాక్టీరియా నశించును, కబుర్లు ఆగును, పెరిగిన గాబ్లెట్ కణములు క్రమముగా తగ్గును. ఇది కాలము పట్టు పని. శ్వాసనాళములు వాచి వచ్చు దగ్గు వారము తొమ్మిది దినములలో తగ్గునని జనులు ఆశింతురనియు, నిజముగా అది సగటున 18 దినములు ఉండుననియు 2013లో వెలువడిన ఒక పరిశీలన తెలిపినది. ఈ నడుమనున్న దినములే మందులు మార్చి మార్చి కొను దినములు.

అందరికిని కథ ఇట్లు ముగియదు. శ్లేష్మము హెచ్చి చిక్కబడినపుడు, అది శైలికలమీద బరువై వానిని అణగద్రొక్కును. న్యూమోకాకస్ విడుచు విషము శైలికల వేగమును తగ్గించును. సూడోమోనాస్ విడుచు రంగు పదార్థమును అంతే. పూడిక తీయని కాలువలో తూటికాడ పెరిగినట్లు, కదలని శ్లేష్మములో బాక్టీరియా స్థిరపడును. న్యూమోకాకస్ మ్యూసినుమీది చక్కెరలను త్రుంచి ఆహారముగా వాడుకొనును కూడ. మనలను కాపాడుటకు నేసిన వల శత్రువునకు ఇల్లును కూడునైనది. ఇల్లు దొరికిన శత్రువు వృద్ధి చెందును. వృద్ధిచెందిన కొలది శ్లేష్మము పెరుగును. పెరిగిన కొలది వానికి వసతి పెరుగును. 1986లో పీటర్ కోల్ అను ఇంగ్లీషు వైద్యుడు దీనిని విషవలయమని వర్ణించెను.

ఈ వలయములో మనుష్యుని మొదట దింపునది పెక్కుచోట్ల పొగ. 1952 డిసెంబరు 5 మొదలు 9 వరకు లండను నగరమున బొగ్గుపొగతో కలిసిన మంచు కదలక నిలిచిపోగా 4,000 మందికి పైగా మరణించిరి. వారిలో ఏండ్ల తరబడి దగ్గు, కళ్లెలతో బాధపడుచున్న పెద్దలు అనేకులు. 1960లో లిన్ రీడ్ అను వైద్యురాలు మరణించినవారి శ్వాసనాళములను కోసి కొలిచి చూచెను. ఆరోగ్యవంతులలో శ్లేష్మగ్రంథుల పొర నాళపు గోడ మందములో నాలుగవ వంతునకు కొంచె మటునిటుగా నుండెను. దీర్ఘకాలపు దగ్గు గలవారిలో సగమునకు మించియుండెను. అనగా ఏండ్ల తరబడి పొగ తగిలినవారికి శ్లేష్మపు కార్ఖానాయే పెద్దదగును. రెండేండ్లు వరుసగా, ఏడాదికి మూడు నెలలకు తక్కువగాకుండ కళ్లెతో కూడిన దగ్గు వచ్చునెడల వైద్యులు దానిని దీర్ఘకాలిక శ్వాసనాళ శోథ యందురు.

లండను బొగ్గుపొగ తెలుగుదేశమునకు దూరము. పిడకల పొయ్యి దూరము కాదు. గ్యాసు పొయ్యిలు ఇంటింట వచ్చిన తరువాతను నీళ్లు కాగుటకు, దాణా వండుటకు కట్టెలు, పిడకలు వాడు ఇండ్లున్నవి. గొట్టముతో పొయ్యి ఊదిన స్త్రీలు జీవితకాలమంతయు పీల్చిన పొగ చుట్ట త్రాగని ఆడువారికి గూడ చుట్ట త్రాగువారి దగ్గునే తెచ్చిపెట్టును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో నిప్పుకొన నోటిలో నుంచుకొని త్రాగు అడ్డపొగ అలవాటు స్త్రీలలో గలదు. దానివలన అంగిటికి కలుగు కీడును గూర్చి వైద్యులు ఎంతయో వ్రాసిరి.

వలయమును త్రెంచుటకు ఇ.జి.ఎఫ్. గ్రాహకమునే అణచివేసిన సరిపోదా యని ప్రశ్నింపవచ్చును. పీల్చు మందుగా అట్టి ప్రయత్నము జరిగినది. 2010లో ప్రకటింపబడిన ఆ పరీక్షలో గాబ్లెట్ కణములలోని మ్యూసిన్ నిలువ తగ్గలేదు. కొందరికి ఇతర బాధలు కలిగెను. శరీరము మరమ్మతునకు వాడుకొను తలుపును మూయబోయిన మరమ్మతు కూడ ఆగునేమో యను సంకోచము మొదటినుండియు ఉన్నదే. కావున ఇప్పటికి సాధ్యమైన మార్గములు పాతవే. పొగ మానుట అన్నింటికంటె ముఖ్యము. కళ్లె చిక్కబడకుండ నీరు త్రాగుట, నడుచుట, దగ్గి వెలికి తీయుటకు వైద్యుడు నేర్పు పద్ధతులు దాని వెనుకవి. పాలు, పెరుగు కళ్లెను పెంచునని వానిని మాన్పింతురు. జలుబు చేసినవారికి పాలిచ్చి కొలిచి చూచినపుడు ముక్కు శ్లేష్మము హెచ్చినట్లు కనబడలేదు. చిక్కిన బిడ్డకు పాలు మాన్పుట మాత్రము తప్పక కీడు చేయును.

బాక్టీరియా నిజముగా పట్టినపుడు ఆంటీబయాటిక్ మందులు ప్రాణదాతలు. ఇందులో తెలుగువారి చేయి కూడ ఉన్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు అధిపతిగా నున్న కాలముననే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అను మందును అక్కడ కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ ఏటనే సుబ్బారావు మరణించెను. ఆ వంశమునకు చెందిన డాక్సీసైక్లిన్ నేటికిని ఊపిరిదారి రోగములలో వాడుకలో నున్నది. ఇట్టి మందులు బాక్టీరియాను చంపును గాని మ్యూసిన్ జన్యువును ఆపవు. వైరస్ వలన వచ్చిన జలుబును ఏమియు చేయవు. దగ్గు మందుల సీసాల సంగతి మరింత జాగ్రత్తగా చూడవలసినది. 2022లో గాంబియా దేశమున విషపదార్థము కలిసిన దగ్గుమందు త్రాగి సుమారు 70 మంది పసిబిడ్డలు మూత్రపిండములు చెడి మరణించిరి. ఆ బిడ్డలలో పెక్కుమందికి ఆ సీసాతో పనియే లేకపోయెను. దగ్గు కళ్లెను బయటికి పంపు పని. పసిబిడ్డకు దానిని అణచు మందు వైద్యుడు చెప్పనిదే పోయరాదు. ఏడాది దాటిన బిడ్డకు తేనె కొంచెము నాకించిన గొంతునకు ఉపశమనము కలుగును. ఏడాదిలోపు బిడ్డకు తేనె పెట్టరాదు, అందు ఒక ప్రమాదకరమైన బాక్టీరియా బీజము లుండవచ్చును.

తల్లి కనిపెట్టవలసినది కళ్లె రంగును గాని గురగుర శబ్దమును గాని కాదు, ఊపిరి వేగమును. ముక్కులో, పెద్ద నాళములలో శ్లేష్మము నిండినపుడు చప్పుడు హెచ్చుగా నుండును, ప్రమాదము తక్కువ. వాయుకోశములలో నీరు, చీము నిండినపుడు చప్పుడు తక్కువ, ప్రమాద మెక్కువ; అదియే న్యుమోనియా. బిడ్డ ఏడువక ఊరకున్నపుడు గడియారము చూచుచు పూర్తిగా ఒక నిమిషము రొమ్ము ఎన్నిమారులు లేచినదో లెక్కింపవలెను. రెండు నెలలు నిండని శిశువునకు 60, రెండు నెలలనుండి ఏడాదివరకు 50, ఏడాదినుండి అయిదేండ్లవరకు 40. ఊపిరుల లెక్క ఇంతైనను, ఇంతకు మించినను వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. డొక్కలు లోపలికి ఎగురవేయుచున్నను, పాలు త్రాగలేకున్నను, మగతగా నున్నను లెక్కతో పనిలేదు, ఆ క్షణమే బయలుదేరవలెను. హీమోఫిలస్ బి రకమునకు రక్షణ నిచ్చు టీకాను మన దేశమున ప్రభుత్వము 2011లో కేరళ, తమిళనాడులలో మొదలుపెట్టి తక్కిన రాష్ట్రములకు విస్తరింపజేసెను. న్యూమోకాకస్ టీకాను 2017లో కొన్ని రాష్ట్రములలో మొదలుపెట్టి 2021లో దేశమంతటికి అందించెను. మొదటిది ఆరు, పది, పదునాలుగు వారములకును, రెండవది ఆరు, పదునాలుగు వారములకును తొమ్మిది నెలలకును ఉచితముగా వేయుదురు.

పెద్దలకు లెక్క వేరు. సామాన్యమైన దగ్గే పదునెనిమిది దినములుండునని పైన చెప్పబడినది. అయినను రెండు వారములు దాటిన దగ్గు ఎవ్వరికున్నను కళ్లెను క్షయకై పరీక్ష చేయింపవలెనని ప్రభుత్వ నియమము. ఈ రెంటికి వైరుధ్యము లేదు. పరీక్షకు పోయినవారిలో ఎక్కువమందికి క్షయ యుండదు, నిశ్చింతగా ఇంటికి వత్తురు. ఉన్న కొద్దిమంది తెలియక ఇంటిలోనే యున్నచో అదే గదిలో పరుండు బిడ్డలకు అంటింతురు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయిన కళ్లె పట్టుటకు చిన్న డబ్బా ఇత్తురు. అందులో పడవలసినది నోటి ఉమ్మి కాదు. తెల్లవారి లేవగనే నోరు పుక్కిలించి, రెండు మూడు మారులు గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ము లోతునుండి దగ్గి తీసిన కళ్లె.